లేమి నేర్పిన శైలి

వెండితెర మీద వీరుడు పిడికిలి బిగించినప్పుడు, కింద కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుని పిడికిలి కూడ తనకు తెలియకుండానే బిగుసుకుంటుంది. తలుపు దడాలున తెరుచుకొనడం, వెలుతురులో దుమ్ము సుడులు తిరగడం, కాలం ఒక్క క్షణం నిలిచిపోయినట్లు మందగించడం, మరుక్షణం పిడుగుపాటువంటి దెబ్బ తగలడం - ఈ వరుసకు పులకించని బాలుడు అరుదు. వీధిలో నిజంగా జరిగే కొట్లాటకు ఈ సొగసు ఉండదు. అది గజిబిజిగా మొదలై, చూచేవారికి ఏమి జరిగినదో బోధపడకముందే ముగిసిపోతుంది. చలనచిత్రకారుడు ఆ గజిబిజికి లయ కల్పిస్తాడు, వెలుగునీడలు పంచుతాడు, కొన్నిటిని దాచి కొన్నిటిని చూపుతాడు. మాటకు ఛందస్సు తోడైనట్లు కలహానికి శైలి తోడవుతుంది.

ఈ శైలి ధనవంతుల సొత్తు అన్న అభిప్రాయం లోకంలో బలంగా ఉన్నది. నేడు ఉన్నత పాఠశాల విద్యార్థి చేతిలోని సెల్‌ఫోను సయితం చలనచిత్రం తీయగలదు. దృశ్యాలను కూర్చే సాధనాలు కొన్ని ఉచితంగానే లభిస్తున్నవి. అయినా బాలురు తాము తీసిన దానిని చూచుకొని చిన్నబుచ్చుకొంటూనే ఉన్నారు. పెద్ద సినిమా వలె లేదని బాధపడి, లోపమంతా పరికరానిదని తలచి, సిద్ధంగా దొరికే రంగుల పూత ఒకటి తెచ్చి పైన పూస్తున్నారు. పూత కింద లోపం అట్లే ఉంటుంది. శైలి ఎక్కడ పుడుతుందో తెలిసినప్పుడు గాని ఈ చింత తీరదు. అది తెలియజెప్పగల చిత్రాలలో ముఖ్యమైనది 1991లో మెక్సికో దేశపు సరిహద్దు పట్టణంలో ఇద్దరు మిత్రులు తీసిన ‘ఎల్ మరియాచి’.

పూర్వుల దారి

ఆ చిత్రాన్ని గూర్చి చెప్పుకొనేముందు దానికి దారి వేసిన పూర్వులను స్మరించడం న్యాయం. 1925లో రష్యాలో ఐజెన్‌స్టీన్ ‘బాటిల్‌షిప్ పోటెంకిన్’ చిత్రంలో ఒడెస్సా మెట్ల మీద జరిగే కాల్పులను చూపించినాడు. సైనికుల బూట్లు, పరుగెత్తే జనం, తల్లి చేయి విడిచిన పసిబిడ్డ బండి - ఈ తునకలను ఒకదాని పక్క ఒకటి చేర్చి, కొద్దిసేపటిలో ముగియవలసిన ఘట్టాన్ని సాగదీసి, చూచేవారి గుండె చప్పుడు పెంచినాడు. 1954లో జపానులో కురొసావా ‘సెవెన్ సామురాయ్’ చిత్రంలో ఒక దొంగ నేలకొరిగే తీరును మందగతిలో చూపి, చుట్టూ నిలిచినవారిని మామూలు వేగంలోనే ఉంచినాడు. మృత్యువుకు ఒక కాలం, జీవితానికి మరొక కాలం అన్న భావం ఒక్క మాట లేకుండానే వ్యక్తమైనది. 1967లో అమెరికాలో ఆర్థర్ పెన్ తీసిన ‘బానీ అండ్ క్లైడ్’ చివరి ఘట్టంలో పలు కెమేరాలు పలు వేగాలతో చిత్రించిన తునకలను డీడీ ఆలెన్ అనే కూర్పరి ఒక్క హారంగా గుచ్చినది.

ఈ మూడింటిలో కెమేరా నడిచిన వేగం, ముక్క నిలిచిన నిడివి, ఒక ముక్క పక్క మరొక ముక్క నిలిచిన తీరు - ఇవే శైలికి ప్రాణం పోసినవి. ఈ మూడింటినీ నిర్ణయించేది మనిషి బుద్ధి. ధనం ఆ నిర్ణయాన్ని సులభం చేయవచ్చును గాని, దాని స్థానంలో తాను కూర్చొనలేదు.

గిటారు పెట్టె

రాబర్ట్ రోడ్రిగెజ్ 1968లో అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో జన్మించినాడు. బాల్యంలోనే వీడియో కెమేరా పట్టి, రెండు వీడియో రికార్డర్లను జోడించి, ఒకదాని నుంచి మరొకదానిలోకి దృశ్యాలు ఎక్కిస్తూ కూర్పు నేర్చుకొన్నాడు. తరువాత ఆస్టిన్‌లోని విశ్వవిద్యాలయంలో చేరినాడు గాని, మార్కులు చాలనందున చలనచిత్ర శాఖలో ప్రవేశం వెంటనే లభించలేదు. తాను తీసిన చిన్న చిత్రాలు పోటీలో నెగ్గిన పిదపనే ఆ తలుపు తెరుచుకొన్నది. మార్కుల పట్టికలో కనిపించని ప్రజ్ఞ ఒకటి ఉంటుందని ఉపాధ్యాయులు ఎరుగనిది కాదు; ఇది దానికి మరొక సాక్ష్యం.

రోడ్రిగెజ్ తన మిత్రుడు కార్లోస్ గయార్డోతో కలసి ఒక సాహసచిత్రం తీయ సంకల్పించినాడు. స్పానిష్ భాషలో వీడియో క్యాసెట్లుగా అమ్ముడుపోతే చాలునని వారి ఆశ. పెట్టుబడికి ఇంట ధనం లేదు. కొవ్వును అదుపుచేసే ఒక కొత్త మందును మనుషుల మీద పరీక్షిస్తున్న పరిశోధనాలయంలో అతడు సుమారు నెలరోజులు ఉండి, తన శరీరాన్ని పరీక్షకు అప్పగించి, దాదాపు 3,000 డాలర్లు సంపాదించినాడు. ఆ మంచం మీదనే కథ వ్రాసినాడు. తనవలెనే పరీక్షకు వచ్చి అక్కడ పరిచయమైన పీటర్ మార్క్వార్ట్‌ను ప్రతినాయకునిగా ఎన్నుకొన్నాడు. చిత్రం మొత్తానికి అయిన వ్యయం సుమారు 7,000 డాలర్లు. అందులో అధికభాగం ఫిల్ము కొనుగోలుకు, దానిని కడిగించడానికి, వీడియో టేపు మీదికి ఎక్కించడానికి పోయినది.

కథ వ్రాసిన పద్ధతి గమనించదగినది. సాధారణంగా రచయిత కథ ముందు వ్రాసి, కావలసిన వస్తువుల జాబితా నిర్మాతకు ఇస్తాడు. ఇక్కడ జాబితా ముందు పుట్టినది. సరిహద్దు పట్టణమైన సియుదాద్ అకూన్యా గయార్డోకు పరిచితమైన ఊరు. అక్కడ ఏ పానశాల దొరుకుతుంది, ఏ బస్సు దొరుకుతుంది, ఎవరి ఇల్లు అడగవచ్చును, ఎవరి కుక్క ఉన్నది అని లెక్క చూచుకొని, ఆ వస్తువులన్నిటినీ కథలోకి పిలిచినారు. ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న పెద్దల మాటను వారు వినకపోయినా ఆచరించినారు.

కథాబీజం కూడ ఒక చిన్న వస్తువు. నల్లని దుస్తులు ధరించి, గిటారు పెట్టె పట్టుకొని, పని వెదుకుకొంటూ ఒక పాటగాడు ఊరిలో అడుగుపెడతాడు. అదే వేళ గిటారు పెట్టెలో ఆయుధాలు దాచిన హంతకుడు కూడ అక్కడికి వస్తాడు. వేటగాండ్రు ఒకనిని చూచి మరొకడనుకొంటారు. పాట దాచవలసిన పెట్టెలో మృత్యువు దాగి ఉండడమన్న ఒక్క ఊహతో చిత్రానికి రూపం, రంగు, వ్యంగ్యం ఒకేసారి సమకూడినవి. దీనికైన ఖర్చు ఒక పెట్టె వెల.

చక్రాల కుర్చీ, రెండు దీపాలు

చిత్రీకరణ రెండు వారాలలో ముగిసినది. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు, కూర్పరి - మూడు పాత్రలూ రోడ్రిగెజ్‌వే. ఎరువు తెచ్చిన 16 మిల్లీమీటర్ల కెమేరా చేతిలో ఉన్నది. పెద్ద చిత్రాలలో కెమేరాను పట్టాల మీద నడిపే బండికి బదులు చక్రాల కుర్చీ ఒకటి అరువు తెచ్చినారు. దర్శకుడు కెమేరాతో అందులో కూర్చుంటే మరొకడు తోసేవాడు. గదులలో వెలుతురుకు తగిలించుకొనే దీపాలు రెండు మాత్రమే. వెలుగు తక్కువైనచోట నీడ ఎక్కువైనది. ముఖం సగం వెలిగి సగం చీకటిలో మునిగినది. ప్రేక్షకుడు దానిని భయానక వాతావరణమని గ్రహించినాడు.

ఫిల్ము ఖరీదైనది గనుక సాధ్యమైనంతవరకు ప్రతి షాటూ ఒక్కసారే తీసేవారు. షాటు సంఖ్యను తెలిపే పలకకు అడుగుల ఫిల్ము వృథా అవుతుందని, వ్రేళ్లు చూపి సంజ్ఞ చేసేవారు. తుపాకుల సంగతి మరీ విచిత్రం. వరుసగా పేలవలసిన తుపాకీ, గుండులేని తూటాలు వేసినప్పుడు ఒక్కమారు పేలి ఆగిపోయేది. అందుచేత ఒక్కొక్క పేలుడును ఒక్కొక్క కోణం నుంచి తీసి, కూర్పులో వాటిని జోడించి, మరతుపాకీ ధ్వనిని పైన చేర్చినారు. కన్ను చూచినది నాలుగు ముక్కలు. చెవి విన్నది ఎడతెగని కాల్పుల మోత. రెండూ కలసి మనస్సులో ఒక యుద్ధం జరిగినది.

ధ్వని బలమెంతటిదో తెలుగువారికి తోలుబొమ్మలాట ఎప్పుడో నేర్పినది. తెరవెనుక ఆటగాడు కాలి కింద చెక్కలు టకటకలాడించినప్పుడు, దీపం ముందు ఊగుతున్న తోలుముక్కలు రామరావణులై పోరాడుతవి. ఆ చెక్కల చప్పుడు ఆగిపోతే అవి మళ్లీ తోలుముక్కలే.

యతి కుదరని చోట

ఈ చిత్రచరిత్రలో అన్నిటికంటె విలువైన పాఠం కూర్పుగదిలో ఉన్నది. ఎరువు తెచ్చిన కెమేరా పెద్దగా చప్పుడు చేసేది. చిత్రిస్తున్నప్పుడే మాటలు రికార్డు చేయడానికి వీలులేకపోయినది. కనుక దృశ్యం తీసిన వెంటనే కెమేరా ఆపి, మైకు దగ్గర పెట్టి, నటుల చేత అవే మాటలు మళ్లీ పలికించి వేరుగా టేపు మీద ఎక్కించుకొన్నారు. మనిషి ఒకే వాక్యాన్ని రెండుసార్లు ఒకే వేగంతో పలుకలేడు. కూర్పు సమయంలో మాట కొంతదూరం పెదవితో కలసి నడిచి, ఆపైన తప్పిపోయేది.

తప్పిన చోట రోడ్రిగెజ్ ఆ ముఖాన్ని వదిలి మరొక షాటుకు దూకినాడు. వింటున్నవాని కన్ను, బల్ల మీద చేయి, గుమ్మంలో కుక్క - ఏది దొరికితే అది చూపి, మాట తిరిగి కుదిరిన చోట మళ్లీ ముఖానికి వచ్చినాడు. చూచినవారికి ఇది దోషనివారణ అని తోచలేదు. చకచక సాగే కొత్త నడక అని తోచినది. ఆ చిత్రపు వేగవంతమైన కూర్పుకు ఒక ముఖ్యకారణం, పెదవులతో పొత్తు కుదరని మాటలు.

పద్యం వ్రాసేవారికి ఈ అనుభవం కొత్తది కాదు. యతి కుదరక కవి తన మొదటి మాటను విడిచి మరొక మాట వెదుకుతాడు. ఆ వెదుకులాటలో, నిర్బంధం లేకపోతే ఎన్నడూ తోచని పదం వచ్చి పద్యాన్ని వెలిగిస్తుంది. ప్రాస కవికి సంకెల అన్నవారూ ఉన్నారు, మెట్టు అన్నవారూ ఉన్నారు. సంకెల మెట్టుగా మారేది కవి బుద్ధిలోనే. ధనలేమి రోడ్రిగెజ్‌కు విధించిన యతిస్థానాలు అనేకం. వాటిని దాటవేయక, పాటిస్తూనే ఆయన తన నడకను కనుగొన్నాడు.

ఈనాటి విద్యార్థికి

ఈ సూత్రాలను నేటి సెల్‌ఫోనుకు అన్వయించడం కష్టం కాదు. మొట్టమొదటిది వేగం. చలనచిత్రం క్షణానికి 24 ఫ్రేములతో నడవడం సంప్రదాయం. ఒక్కొక్క ఫ్రేముపై వెలుతురు పడే కాలం సామాన్యంగా అందులో సగం, అనగా క్షణంలో 48వ వంతు. అప్పుడు కదిలే చేయి కొంచెం చెదిరి, కంటికి మృదువుగా కనిపిస్తుంది. ఆ కాలాన్ని కుదిస్తే ప్రతి ఫ్రేమూ పదునెక్కి, కదలిక కుదుపుగా తోస్తుంది. 1998లో విడుదలైన ‘సేవింగ్ ప్రైవేట్ రయన్’ చిత్రపు సముద్రతీర యుద్ధంలో ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ షట్టరును ఈ విధంగా కుదించి, ఎగిరిన మట్టి కణాలను విడివిడిగా కనిపించేట్లు చేసినాడు. సెల్‌ఫోనులో ఈ మార్పుకు ఒక్క పైసా ఖర్చు లేదు. అయితే మనదేశంలో విద్యుత్తు క్షణానికి 50 ఆవృత్తులతో ప్రవహిస్తుంది గనుక, గదిలో దీపాల కింద 50వ వంతు లేక 100వ వంతు వాడితే దృశ్యంలో మిణుకుమిణుకు కనిపించదు.

మందగతి కావలెనంటే ముందే సంకల్పించి, క్షణానికి 96 లేక 120 ఫ్రేములతో చిత్రించవలెను. 96 ఫ్రేములను 24 వేగంతో నడిపితే కాలం నాలుగింతలు సాగుతుంది. 24తోనే చిత్రించి కూర్పులో సాగదీస్తే, ఒక్కొక్క ఫ్రేమునే నాలుగుసార్లు చూపవలసి వచ్చి దృశ్యం తడబడుతుంది. చిత్రీకరణలో చేయని పనిని కూర్పు ఎల్లవేళలా చక్కదిద్దలేదు.

రెండవది కోత. దెబ్బకు ముందు ఒక షాటు, దెబ్బ తగిలిన తరువాత మరొక షాటు తీసి, చేయి కదులుతుండగానే కత్తిరించవలెను. పిడికిలి ముఖానికి జానెడు దూరంలో ఆగినా, కెమేరాకూ ముఖానికీ మధ్య రేఖను దాటిపోతే తగిలినట్లే ఉంటుంది. తాకిడికి ముందున్న రెండు మూడు ఫ్రేములు తొలగించి, సరిగా ఆ చోట ధ్వని నిలిపితే చాలును. ఎవనికీ నొప్పి లేకుండా దెబ్బ పూర్తవుతుంది. కాల్పుల మెరుపు ఒకటి రెండు ఫ్రేములకు మించి ఉండకూడదు; మించితే దాని నకిలీతనం బయటపడుతుంది.

రంగు చివరిది. ఫోను తనంతట తాను వెలుతురునూ వర్ణాన్నీ మార్చుకొంటూపోతే, వరుస షాట్లలో ఒకే గోడ ఒకచోట పసుపుగా, ఒకచోట నీలంగా కనిపిస్తుంది. కనుక చిత్రీకరణకు ముందే ఆ రెండింటినీ స్థిరపరచవలెను. కూర్పు తరువాత మొదట అన్ని షాట్లనూ సమం చేసి, ఆపైననే శైలికి పూనుకొనవలెను. మనిషి చర్మపు రంగు నారింజ ఛాయకు దగ్గరది. నీడలను దానికి ఎదురైన నీలిఆకుపచ్చ వైపు కొంచెం నెడితే మనిషి వెనుకతెర నుంచి ముందుకు వచ్చి నిలుస్తాడు. రంగుకు అర్థం ఉండడం ఇంకా ముఖ్యం. 1999 నాటి ‘మేట్రిక్స్’ చిత్రంలో యంత్రాలు కల్పించిన మాయాలోకానికి ఆకుపచ్చ ఛాయ, నిజలోకానికి నీలిఛాయ కేటాయించినారు. అక్కడ రంగు కథ చెప్పినది. ఆ ఆకుపచ్చనే తెచ్చి పాఠశాల వరండా మీద పూసినంత మాత్రాన వరండా మాయాలోకం కాదు. ఔచిత్యం తప్పిన అలంకారం శోభనీయదని మన ఆలంకారికులు చెప్పిన మాట ఇక్కడ కూడ వర్తిస్తుంది.

రాత్రి దృశ్యానికి దీపాలు లేనివారు పగలే చిత్రించి, కూర్పులో వెలుగు తగ్గించి నీలిఛాయ చేర్చవచ్చును. ఇది హాలీవుడ్‌లో బహుకాలంగా ఉన్న పద్ధతి. ఆకాశం కనిపించకుండా కెమేరాను వంచవలెను. ఏలనంటే పగటి ఆకాశం గుట్టు బయటపెడుతుంది. జార్జి మిల్లర్ సైతం 2015లో విడుదలైన ‘మాడ్ మాక్స్: ఫ్యూరీ రోడ్’ చిత్రంలోని ఎడారి రాత్రిని పగటి ఎండలోనే తీయించి, తరువాత చీకటిచేసి నీలిరంగు తెప్పించినాడు. పేదవాని ఉపాయం సంపన్నునికి కూడ సమ్మతమైనది.

లెక్కలో చేరని ఖర్చు

‘ఎల్ మరియాచి’ని కొలంబియా పిక్చర్స్ సంస్థ కొని 1993లో థియేటర్లలో విడుదల చేసినది. ఆ సంవత్సరమే సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో దానికి ప్రేక్షకుల బహుమతి లభించినది. 2011లో అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో దానికి స్థానం దొరికినది. ఈ విజయంతో 7,000 డాలర్ల సంఖ్య ప్రపంచమంతటా పాకి, నేటికీ యువకుల నోట మంత్రంవలె వినిపిస్తున్నది.

ఆ మంత్రాన్ని అప్పగించేముందు లెక్క పూర్తిగా చూడడం మంచిది. 7,000 డాలర్లు వీడియో రూపంలో చిత్రం సిద్ధమయ్యేవరకు అయిన వ్యయం. థియేటరులో చూపడానికి 35 మిల్లీమీటర్ల ప్రతులు తీయడానికి, ధ్వనిని బాగుచేయడానికి, ప్రచారానికి సంస్థ పెట్టిన ధనం దానికి అనేక రెట్లు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. చక్రాల కుర్చీ తోసినవాని శ్రమకు, ఇల్లూ బస్సూ ఇచ్చినవారి స్నేహానికి, ఊరివారి ఓపికకు ఆ లెక్కలో పద్దు లేదు. ఒక యువకుడు తన రక్తాన్ని మందుల పరీక్షకు అప్పగించిన నెలరోజులకు విలువ కట్టినది పరిశోధనాలయమే గాని కళ కాదు. అల్పవ్యయమన్న మాటకు తరచుగా అర్థం, ధనం చెల్లించవలసినచోట మరొకటి చెల్లించినారని. ఆ మరొకటి ఆలోచన అయితే అది ధన్యమే. ఎవరి ఆరోగ్యమో, ఎవరి భద్రతో అయితే ఆ చౌక అన్నిటికంటె ప్రియమైనది.

ఈ హెచ్చరిక పాఠశాల ఆవరణలో మరీ అవసరం. మేడ మీదినుంచి దూకడం, కదిలే మోటారుసైకిలు మీద నిలబడడం శైలి అనిపించుకోవు. దూకినట్లు చూపడమే శైలి. అంచు మీద కాళ్లు ఒక షాటు, నేల మీద వాలిన మోకాలు మరొక షాటు, మధ్య గాలి చప్పుడు - ఇంతటితో ప్రేక్షకుని ఊహలో బాలుడు మేడ దూకుతాడు. ఆటబొమ్మ తుపాకీతో వీధిలో చిత్రించేటప్పుడు సయితం పెద్దలకూ ఇరుగుపొరుగువారికీ ముందుగా తెలుపవలెను. ఏలనంటే దూరం నుంచి చూచేవారికి అది ఆటబొమ్మ అని తెలియదు. కూర్పు అనే విద్య పుట్టినది అపాయాన్ని కల్పించడానికి. అపాయంలో పడడానికి కాదు.

ఉపాధ్యాయుడు ఈ విద్యను తరగతిలోకి తీసికొనిరాదలిస్తే ఖరీదైన సామగ్రి అక్కరలేదు. ఒక ఫోను, ఒక కిటికీ వెలుతురు, పన్నెండు షాట్లు, ఒక నిమిషం నిడివి - ఈ హద్దులు విధించి, ఊరిలో దొరికే వస్తువుల జాబితా ముందు వ్రాసుకొనుమని చెప్పవచ్చును. గిలకబావి, ఎడ్లబండి చక్రం, మూతపడిన రైసుమిల్లు, తాతగారి గొడుగు - వీటిలో ఏది ఏ బాలుని చేతిలో గిటారు పెట్టె అవుతుందో ముందుగా చెప్పగలవారు లేరు. విద్యార్థి ఒక షాటును అవతలికి త్రోసి మరొకదానిని అక్కడ నిలిపిన ప్రతిసారీ, ఎందుకు నిలిపినాడో చెప్పుమని అడిగితే చాలును. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడం మొదలుపెట్టిన నాడు అతని చేతికి శైలి అబ్బడం ఆరంభమవుతుంది.